లంగరు ముంచిన మజ్జిగ

“ఇంకోపాలి అడుగుతన్నాను. గుంటకి మందు ఏస్తన్నావా, నేదా?”

నాగబాబు ఈ మాట విజయనగరం ఆసుపత్రి మెట్ల మీద ఒకసారి అడిగాడు. బస్సులో, వెనక సీటు వాళ్ళకి వినపడేలా మరోసారి అడిగాడు. ఇప్పుడు ఇల్లు చేరి, కాళ్ళయినా కడుక్కోకుండా గుమ్మంలో నిలబడి అడుగుతున్నాడు. అనూరాధ ప్రతిసారీ ఒకటే చెప్పింది. పిల్లకి వేస్తున్నానంది. రోజూ పరగడుపున నీళ్ళలో కలిపి, గ్లాసు అడుగున పొడి మిగిలితే ఇంకాసిని నీళ్ళు పోసి అది కూడా పట్టిస్తున్నానంది. చెప్పిందే చెప్పగా చెప్పగా ఆమె గొంతు ఆమెకే దొంగ గొంతులా వినిపించసాగింది.

“ఏస్తే మరి ఒంట్లో ఇనుమెందుకు పెరిగినాది?”

ఆసుపత్రిలో డాక్టర్ షీబాకీ అదే అంతుపట్టలేదు. రిపోర్టు కాగితాన్ని రెండుసార్లు తిరగేసి, కళ్ళజోడు తీసి, “మందు సరిగ్గా పడుతోందా అమ్మా?” అని అడిగిందావిడ. మెత్తగానే అడిగింది. కానీ తల్లినే అడిగింది. తండ్రి పక్క కుర్చీలో నిక్షేపంలా కూర్చుని ఉన్నా సరే, మందు సంగతి మాత్రం తల్లినే అడుగుతారు. ఇదెక్కడి న్యాయమో నాకు ఈనాటికీ తెలియదు. ఆ ఒక్క ప్రశ్న పట్టుకునే నాగబాబు దారి పొడుగునా భార్యను దోషిని చేసుకుంటూ వచ్చాడు.

వాడి భయానికి కారణం లేకపోలేదు. కూతురు రేఖ మూడో తరగతి చదువుతోంది. పాలు మరవకముందే తలసీమియా అని తేలింది. ఆ పిల్ల ఒళ్ళు రక్తాన్ని సరిగా తయారుచేసుకోలేదు కాబట్టి నెల తిరక్కుండా ఎవరిదో రక్తం ఎక్కించాలి. ఎక్కించిన ప్రతి చుక్కతోనూ ఇనుము వస్తుంది. దాన్ని బయటికి తోసే దారి మనిషి ఒంటికి లేదు. అది కాలేయంలో చేరి, గుండెలో చేరి, కూర్చుంటుంది. దాన్ని దింపడానికే ఆ మాత్ర.

దిగితే మాత్రం పిల్ల బతుకే మారిపోతుంది. తమ్ముడు గోపి ఎముకల్లోని మూలుగ అక్కకి అతికినట్టు సరిపోయింది. పెద్దాసుపత్రిలో మూలుగ మార్పిడి చేస్తామన్నారు. అదయ్యాక సూదులుండవు, సీసాలుండవు. కానీ ఒంట్లో ఇనుము ఇంత పెట్టుకున్న పిల్లని మేం చేర్చుకోలేం, వచ్చే నెల పరీక్షలో అంకె దిగుముఖం పట్టకపోతే ఆ మంచం ఇంకో బిడ్డకి ఇచ్చేస్తాం అని ఖండితంగా చెప్పేశారు. ఇవాళ చూస్తే దిగడం మాట దేవుడెరుగు, అంకె ఇంకా పైకెక్కింది.

పెరట్లో బుల్లమ్మ ఎండు నెత్తళ్ళు తిరగేస్తోంది. నాగబాబు తల్లి ఆవిడ. అనూరాధకి అత్తే కాదు, మేనత్త కూడా. తమ్ముడి కూతుర్ని కొడుక్కి చేసుకుంది. ఊరూరా తిరిగి చేపలమ్మిన మనిషి, నోరు విప్పితే వీధి చివరికి వినపడుతుంది. అలాంటిది, లోపల ఇంత రభస జరుగుతుంటే కిక్కురుమనలేదు. తిరగేసిన చేపనే మళ్ళీ తిరగేస్తోంది.

“అత్తా, నువ్వైనా సెప్పు,” అంది అనూరాధ పెరటి గుమ్మంలోకి వచ్చి. “రోజూ నీ కళ్ళముందే కదా కలుపుతన్నాను.”

బుల్లమ్మ తలెత్తలేదు. కలపడం చూశానంది. అంతకంటే ఒక్క మాట కలపలేదు.

అనూరాధకి తల కొట్టేసినట్టయింది. చిన్నప్పుడు తనని చంకనేసుకుని సముద్రపు ఒడ్డున తిప్పిన మేనత్త ఈవిడే. ఇవాళ అవునని గట్టిగా ఒక్క మాట అనడానికి ఆవిడకి నోరు రాలేదు.

నాగబాబు దాన్ని సాక్ష్యం కింద తీసుకున్నాడు. మాత్రల డబ్బా తీసుకెళ్ళి తల్లి పక్కన గట్టు మీద పెట్టాడు. రేపట్నుంచి మందు నువ్వే ఇవ్వాలి, ఇది ముట్టుకోకూడదు అన్నాడు. ‘ఇది’ అంటే పెళ్ళాం.

“ఇంకో మాట. నా కూతురు ఒంట్లో ఈ ఇనుము ఎవురి సేతివల్ల పెరిగినాదో తేలనీ. ఆళ్ళు ఎవురైనా సరే, ఈ గుమ్మం తొక్కరు. అమ్మోరి మీద ఒట్టు.”

బుల్లమ్మ చేతిలోని నెత్తళ్ళు జారి ఇసుకలో పడ్డాయి. కొడుకు కోపానికి ముసలిది బెదిరిపోయిందనుకుంది అనూరాధ. తన ఏడుపులో తానుంది, అంతకుమించి ఆలోచించలేదు.

*

ఆ మర్నాటినుంచి ఇంట్లో మాటలు కరువయ్యాయి. నాగబాబు తెల్లారగానే భోగాపురం విమానాశ్రయం పనుల్లో టిప్పరు నడపడానికి పోయేవాడు. పొద్దుగూకాక వచ్చి, అన్నం పెట్టించుకుని, కంచంలోకి చూస్తూ తినేవాడు. మందు తాగిందా అని తల్లినే అడిగేవాడు. తాగిందని ఆవిడ చెప్పేది. వడ్డించే మనిషి ఒకతి పక్కన నిలబడి ఉందన్న సంగతే వాడికి పట్టనట్టుండేది.

అనూరాధ ఊరుకుంది. పుట్టింటికి పోదామని ఒకపూట సంచీ కూడా సర్దింది. ఆసుపత్రి రోజు గుర్తొచ్చి మళ్ళీ విప్పింది. పిల్ల అంకె దిగితే చాలు, దింపిన పేరు ఎవరికొస్తేనేం అని తనకి తాను చెప్పుకుంది. చెప్పుకున్నంత సులువుగా మనసు వింటుందా? పొద్దున్నే బుల్లమ్మ మందు గ్లాసు కొంగుచాటున పెట్టుకుని, రేఖ చెయ్యి పట్టుకుని ఒడ్డునున్న వలల పాకకి తీసుకుపోతుంటే ఆమెకి కడుపు మండిపోయేది. ఇంట్లోనే తాగించొచ్చు కదా అని ఒకరోజు అడిగింది. అక్కడ గాలి బాగుంటుందంది బుల్లమ్మ. కథలు చెబితేగాని తాగదంది.

తాగడం తాగుతోంది కాబోలు. తన దగ్గరైతే ఆ పిల్ల మొహం మాడ్చుకుని, రుచి బాగాలేదని ముక్కు చిట్లిస్తూ తాగేది. ఇప్పుడు పాకనుంచి గెంతుకుంటూ వస్తోంది. నాకు చాతకాలేదేమో, నా చేతిలో ఏదో లోపముందేమో అని కూడా అనుకుంది అనూరాధ. తల్లులు ఎంత వెర్రివాళ్ళో చూడండి.

ఒక ఉదయం బడి ఆటోకి వేళవుతోందని ఆమె పిల్లకి ఎదురెళ్ళింది. రేఖ ఒడ్డుమీంచి పరుగెత్తుకొస్తోంది. చేతిలో చిన్న చెంబుంది. పై పెదవి మీద తెల్లగా మజ్జిగ మీసం.

“మందు తాగీసినావా?”

పిల్ల తలూపింది. ఊపుతూనే చెంబు వెనక్కి దాచుకుంది.

“అదేటి?”

“సల్ల.”

మందు తాగిన వెంటనే ఏమీ పెట్టకూడదని, అరగంటైనా ఆగాలని డాక్టరమ్మ చెప్పింది. బుల్లమ్మకి అది తెలుసు. అనూరాధ చెంబు లాక్కుంది. అడుగున కొద్దిగా మిగిలింది. మజ్జిగే. కానీ రంగు మజ్జిగ రంగు కాదు, మడ్డిగా, చెంబు అంచున బూడిద గీతలతో ఉంది. వేలితో నాలిక్కి రాసుకుంది.

తుప్పు రుచి.

ఆ రుచి ఆమె ఎరుగును. రేఖ కడుపున ఉన్నప్పుడు ఆమె నాలుగడుగులు వేస్తే కళ్ళు బైర్లు కమ్మేవి. అప్పుడు బుల్లమ్మ ఇనుము ఎర్రగా కాల్చి మజ్జిగలో సుయ్యిమని ముంచి, రోజూ ఇదే చెంబుతో తాగించింది. ఈ ఊళ్ళో పాలిపోయిన ఆడవాళ్ళందరికీ అదే వైద్యం. అనూరాధ దాంతోనే లేచి తిరిగింది. ఆ రుచి నోట్లో పెట్టుకునే కాన్పు దాటింది.

“ఎన్నాళ్ళనుంచి పోస్తన్నాది ఇది?”

రేఖ కాలి బొటనవేలితో ఇసుక తవ్వుతోంది. చెప్పకూడదంది. నాన్నమ్మ ఒట్టు పెట్టిందంది. తల్లి మొహం చూసి, మెల్లిగా సగం సగం చెప్పింది.

“పోయిన సెలవలకాన్నుంచి. ఇది తాగితే నా ఒంట్లోనే రగతం ఊరుతాది, ఇంక సూదులుండవు. నాన్నమ్మ నా నెత్తి మీద సెయ్యేసి ఒట్టేసినాది.”

“మరి మందు?”

“నాన్నమ్మ సేతికొచ్చిన కాన్నుంచి మందు పారబోసీసినాది. అది తాగితే రగతం దిగిపోతాది కదా.”

పిల్లని ఆటో ఎక్కించిందో, ఆటోవాడే ఎక్కించుకున్నాడో అనూరాధకి తరువాత గుర్తులేదు.

*

వలల పాకలో పొయ్యి ఇంకా ఆరలేదు. కొబ్బరి డొక్కల నిప్పుల మీద గంగులు లంగరు ఉంది. గంగులు బుల్లమ్మ మొగుడు, పోయి చాలా ఏళ్ళయింది. తెప్ప అమ్మేశారు, వలలు చివికిపోయాయి, ఈ చిన్న లంగరు మాత్రం బుల్లమ్మ ఎవరికీ ఇవ్వలేదు. పెద్ద తుపాను నాడు తెప్పనీ మనిషినీ పట్టుకుని నిలిపిన ఇనుమని ఆవిడకి దానిమీద గురి. నాలుగు కొక్కేల్లో ఒకటి విరిగిపోయింది. మిగిలినవాటిలో ఒకటి నిప్పుల్లో ఎర్రగా ఉంది.

బుల్లమ్మ కోడల్ని చూసింది. కోడలి చేతిలో చెంబు చూసింది. దాచడానికి ప్రయత్నించలేదు.

“తెలిసిపోనాదా,” అంది.

అనూరాధ అరుద్దామనే వచ్చింది. దారిలో అనవలసిన మాటలన్నీ కూడబలుక్కుంది. తీరా ఎదురుపడ్డాక ఎందుకిలా చేశావని మాత్రం అడిగింది.

“ఎందుకేటి? గుంట తెల్లగా పాలిపోతంటే సూస్తా కూకోమంటావా?” బుల్లమ్మ లేచి నిలబడింది. “ఆ డాక్టరమ్మ ఇనుమెక్కువైనాదంటాది. ఇనుమెక్కువైతే రగతం ఎందుకు తక్కువైనాదే? ఓ సేత్తో ఎక్కించి ఇంకో సేత్తో దింపీమంటాది. అదేం వొయిద్యం? కడుపుతో ఉన్న ప్రతిదానికీ ఇనుం మాత్రలు ఇస్తన్నారా, నేదా? రగతం పట్టాలనే కదా ఇస్తన్నారు? ఊరందరికీ మంచిదైన ఇనుము నా మనవరాలికే ఇషమైపోనాదా?”

అనూరాధ చెంబులోకి చూసింది. బూడిద గీతలు. అవి లంగరువి కావు, కాల్చిన ఇనుము ఇలా పొడి మిగల్చదు.

“ఇందులో ఇంకేటి కలిపినావు అత్తా?”

బుల్లమ్మ రొంటిన దోపిన చిన్న మూట తీసి విప్పింది. అందులో ఎర్రటి మాత్రలున్నాయి. ఒక రేకువి కావు, ఒక ఇంటివి కావు. కొన్ని రేకుల్లో, కొన్ని విడిగా, కొన్ని రంగు వెలిసి.

ఎలా వచ్చాయో ఆవిడే చెప్పింది. గంప నెత్తినపెట్టుకుని చేపలమ్మే ఊళ్ళలో కడుపుతో ఉన్న ఆడవాళ్ళకి ఆశా కార్యకర్త ఈ మాత్రలు పంచుతుంది. వేసుకుంటే కడుపులో తిప్పుతుందని, దొడ్డికి నల్లగా అవుతుందని సగంమంది వేసుకోరు, చూరులో దోపేస్తారు. పారేసుకునేకంటే నాకివ్వండర్రా అని బుల్లమ్మ అడిగింది. ఊరికే ఎందుకిస్తారు? మాత్రలిచ్చిన ఇంటికి చేపలు కొసరు వేసింది. ఈ బేరం బాగుందని వాళ్ళూ సంతోషంగా ఇచ్చారు. అన్ని ఊళ్ళ తల్లుల ఇనుమూ కొసరు చేపలకి మారి, నూరి, మజ్జిగలో కలిసి, ఒక్క పిల్ల కడుపులోకి పోయింది.

అనూరాధ పాక గుంజ పట్టుకుంది.

“నాకు పోసినప్పుడు పనిసేసినాది, ఒప్పుకుంతన్నాను,” అంది చివరికి. “అప్పుడు నా ఒంట్లో ఇనుము నేదు. దీనికలాక్కాదు అత్తా. దీనికి సరుకు బోలెడున్నాది. రగతం సేసుకునే దారే నేదు. నువ్వు గంపలకొద్దీ సేపలు దించీసినావనుకో, ఐసు నేదు, కొనేవోడు నేడు. ఆ సేపలేటవుతాయి?”

బుల్లమ్మ జీవితమంతా చేపలు అమ్మింది. జవాబు ఆవిడకి ఎవరూ చెప్పక్కరలేదు.

“కుల్లిపోతాయి,” అంది.

“ఇంట్లోనే కుల్లిపోతన్నాయి. కాలేయంలో, గుండెకాయలో. నువ్వు రోజూ ఇంకో గంప దించుతన్నావు. తీసి పారబోసే మాత్రనేమో ఇసకలో పోసీసినావు.”

బుల్లమ్మ పొయ్యివైపు చూసింది. తర్వాత వంగి, చేటతో ఇసుక ఎత్తి నిప్పుల మీద పోసింది. ఒక్కసారి కాదు, లంగరు కనబడకుండా పోయేదాకా పోసింది.

“మేనరికం వొద్దని మీ అయ్య సెప్పినాడే,” అంది వెనక్కి తిరక్కుండానే. “నేనే పట్టుబట్టి సేసుకున్నాను. నీ రగతంలో సగం, ఆడి రగతంలో సగం తేడా ఉన్నాదని, రెండూ కలిసి గుంటకి ఇలాగైనాదని డాక్టరమ్మ సెప్పిన్నాటినుంచి నాకు నిద్దర నేదు. నేను తెచ్చిన జబ్బు నేనే బాగుసేసుకుందామనుకున్నాను.”

ఆవిడ ఏడిస్తే బాగుండుననిపించింది అనూరాధకి. ఆవిడ ఏడవలేదు. అనూరాధకే ఏడుపొచ్చింది. కోపం పోయిందనుకోకండి. కోపం అలాగే ఉంది, దాని పక్కనే జాలి కూడా వచ్చి కూర్చుంది. రెండింటినీ మోయడం ఆమెవల్ల కాలేదు.

నాగబాబు బావకి చెప్పనంది. డాక్టరమ్మకి మాత్రం చెప్పాలంది, చెప్పకపోతే మందు పనిచెయ్యలేదనుకుని మోతాదు పెంచేస్తుంది, అది మూత్రపిండాలకి ముప్పు అంది. పేరు చెప్పకుండా, ఎవరో పోశారని చెబుతానంది.

“ఎవురో అంటే ఎవురు? నిన్నే అంటాడు ఆడు,” అంది బుల్లమ్మ.

*

ఆ సాయంత్రం నాగబాబు వచ్చేసరికి నట్టింట్లో చాప మీద ఎర్ర మాత్రల మూట విప్పి ఉంది. బుల్లమ్మ దాని పక్కన కూర్చుని ఉంది. పిల్లలిద్దర్నీ పక్కింటి నారాయణమ్మ దగ్గరికి పంపేసింది.

ఆవిడే చెప్పింది. లంగరు సంగతి, కొసరు చేపల సంగతి, పారబోసిన మందు సంగతి, ఒక్కటీ దాచకుండా చెప్పింది. అనూరాధ మధ్యలో అందుకోబోతే చేత్తో ఆపింది. ఆనాడు కోడలు సాక్ష్యమడిగినప్పుడు నోరెత్తలేదని కూడా తనే చెప్పుకుంది.

నాగబాబు ఇంతెత్తున ఎగురుతాడని అత్తాకోడళ్ళిద్దరూ అనుకున్నారు. వాడు ఎగరలేదు. మూటలోంచి ఒక మాత్ర తీసి, వేళ్ళమధ్య తిప్పి, మళ్ళీ మూటలోనే పెట్టాడు. భార్యవైపు ఒక్కసారి చూశాడు. తప్పయిందని ఆ చూపులో ఉంది కాబోలు. నోటితో అన్నాడా? అనలేదు. మగాళ్ళకి దోషం మోపడానికి దొరికినన్ని మాటలు దాన్ని దింపడానికి దొరకవు.

“అమ్మోరి మీద ఒట్టేసినాను,” అన్నాడు నేల చూపులు చూస్తూ.

“ఇన్నాను,” అంది బుల్లమ్మ. “నీ మాట నేను పోగొట్టను.”

ఒక చీరా, వక్కల సంచీ పట్టుకుని ఆవిడ వలల పాకకి వెళ్ళిపోయింది. వద్దు బావా, పిల్లకి మందు పట్టించాలి కదా, ఇల్లు ఇలా చీలిపోతే ఎలా అని అనూరాధ నెత్తీ నోరూ కొట్టుకుంది. నాగబాబు కాళ్ళు కడుక్కోడానికి పెరట్లోకి పోయాడు.

డాక్టర్ షీబాకి ఫోను చేసింది అనూరాధే. జరిగిందంతా చెప్పింది. విని ఆవిడ, ముందు ఆ మాత్రలన్నీ పిల్లలకి అందకుండా తీసేయమంది. మజ్జిగ ఆపేసి, మందు రేపటినుంచే మొదలుపెట్టమంది. సోమవారం గుండె స్కాన్‌కి తీసుకురమ్మంది. ఆ అంకె దిగే ఆశ ఉందా అని అడిగితే, “రోజూ పడితే ఉంది. ఇక ఒక్క పూట కూడా తప్పకూడదు అనూరాధా. మనకి వెనక్కి తిరిగి చూసుకునే వ్యవధి లేదు,” అంది.

*

తెల్లారింది. అనూరాధ గ్లాసులో నీళ్ళు పోసి మాత్ర కలిపింది. ఎన్నాళ్ళకో మళ్ళీ ఆ గ్లాసు ఆమె చేతికొచ్చింది.

రేఖ మంచం మీద కూర్చుని మూతి బిగించింది.

బతిమాలింది తల్లి. బెల్లం ముక్క ఇస్తానంది, బజారుకి తీసుకెళతానంది. పిల్ల తల అడ్డంగా ఊపింది. నాగబాబు వచ్చి, మొదట ముద్దుగా, తర్వాత గట్టిగా చెప్పి చూశాడు. చివరికి ముక్కు మూసి పోశాడు. పోసిందంతా వాంతి చేసుకుంది. వాడి చొక్కా తడిసింది. రేఖ వెక్కుతూ గోడవైపు జరిగిపోయింది.

“అది రగతం దింపీస్తాది. మీరు నాకు సూదులు పొడిపిస్తారు. నాన్నమ్మే పొడిపించదు. నాన్నమ్మేది?”

నాగబాబు నిలువునా నీరైపోయాడు. ముసలిదాన్ని పాకకి పంపేశాడు కానీ, ముసలిదాని మాట ఈ పిల్ల బుర్రలోంచి ఏ గుమ్మం దాటించగలడు?

అనూరాధ ఇంకో మాత్ర కలిపింది. గ్లాసు ఒక చేత్తో, కూతుర్ని ఒక చేత్తో పట్టుకుని బయల్దేరింది. నాగబాబు గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

“ఆయమ్మ ఈ గుమ్మం తొక్కదు. ఒట్టేసినాను.”

“ఆయమ్మని రమ్మన్నేదు బావా. మేమే ఎల్తన్నాం. తొలుగు.”

పెళ్ళయ్యాక వాడితో ఆ గొంతుతో మాట్లాడడం అదే మొదలు. వాడు పక్కకి తప్పుకున్నాడు. కాస్త దూరంలో వాళ్ళ వెనకే నడిచాడు కూడా.

బుల్లమ్మ పాక ముందు ఇసుకలో కూర్చుని ఉంది. మనవరాల్ని చూడగానే రెండు చేతులూ చాచి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తీసుకుంది.

“అత్తా, దీనికి నువ్వే తాగించాల,” అంది అనూరాధ గ్లాసు చాపుతూ. “నా సేతిది తాగదు. ఆళ్ళయ్య సేతిది తాగదు.”

“ఈ సేతుల్తో వొద్దే.”

“ఈ సేతుల్తోనే గావాల.”

నాలుగడుగుల అవతల నాగబాబు నిలబడిపోయాడు. బుల్లమ్మ కొడుకువైపు చూసింది. వాడు వద్దనలేదు.

ఆవిడ రేఖని దగ్గర కూర్చోబెట్టుకుంది. కొంగుతో పిల్ల మొహం తుడిచింది. మొదలుపెట్టడానికి చాలా అవస్థ పడింది. ఊళ్ళో ఎవరినైనా నోటితో గెలవగల మనిషి, ఇంత పిల్ల ముందు మాటలు వెతుక్కుంది.

“తల్లీ, నాన్నమ్మ నీకు తప్పు సెప్పినాది. ఈ మందు రగతం దింపదు. నీ ఒంట్లో పేరుకున్న సెడ్డ ఇనుము దింపుతాది. నేను పోసిన సల్లే నీకు సెరుపు సేసినాది. అమ్మ సేతిది తాగితేనే నీకు సూదులు తప్పుతాయి.”

రేఖ వింది. తల్లిని చూసింది, తండ్రిని చూసింది, పాక మూల రాత్రి గాలికి చెదిరిన ఇసుకలోంచి పైకి కనబడుతున్న లంగరు కొక్కేన్ని చూసింది. ఏడుపు ఆగిపోయింది. ఆ పిల్ల ఏడుపు ఆపి అంత నెమ్మదిగా ఆలోచించడం అనూరాధ ఎన్నడూ చూడలేదు.

“నిజమా?”

“నిజమే తల్లీ. నీ మీద ఒట్టు.”

బుల్లమ్మ అలవాటుగా చెయ్యెత్తి పిల్ల నెత్తి మీద పెట్టబోయింది. రేఖ తల చటుక్కున పక్కకి తీసేసుకుంది.

“అప్పుడూ ఇలాగే ఒట్టేసినావు కదే.”

బుల్లమ్మ చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. అనూరాధ పట్టుకున్న గ్లాసులో మందు పొడి మెల్లిగా అడుక్కి దిగుతోంది. రేఖ పెదవులు బిగించే ఉన్నాయి.